కొసరు గుడ్డు

“నీ నోట్లో ఇంకా ఒక ఆకు మిగిలింది, మునిరత్నం. దాన్ని మింగలేవు, ఉమ్మలేవు. బుగ్గన పెట్టుకుని నా ఎదురుగా కూర్చోవడానికి నీకు సిగ్గుగా లేదా?”

విరిగిన ఎముకలకు కట్టు కట్టే వెంగమరాజు గారు తన శిష్యుణ్ణి ఈ మాట అడిగినప్పుడు పాకలోకి ఇంకా రోగులెవరూ రాలేదు. ఆ పాక చిత్తూరు జిల్లాలో ఒక గుట్ట పక్కన ఉండేది. ధర్మవరం వైపు నుంచి పని నేర్చుకోవడానికి వచ్చిన ఒక పడుచువాడు మూడు నెలలు అక్కడ ఉండి, ఆ పొద్దున్నే మొదటి బస్సెక్కి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు కట్టులో వేసే పసరు సంగతి అతనికి చెప్పి పంపమని గురువు మునిరత్నానికి అప్పగించారు. ఆ పసరులో ఐదు ఆకులు పడతాయి. మునిరత్నం నాలుగే చెప్పాడు. ఆ పడుచువాడు వాటిని కాగితం మీద రాసుకుని, గురువుకు చూపించి, కాళ్ళకు మొక్కి సెలవు తీసుకున్నాడు. గురువు ఆ కాగితం చదివి మడిచి తిరిగి ఇచ్చేశారు. దాన్ని దిద్దవలసిన చెయ్యి తనది కాదనుకున్నారు.

మునిరత్నం తల వంచుకున్నాడు గాని ఒప్పుకోలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆయన దగ్గర రోకలి పట్టుకున్నవాడు. ఆ ఐదో ఆకు కోసం ముళ్ళ కొండలెక్కినవాడు.

“నేను అబద్ధం చెప్పలేదయ్యా. చెప్పిన నాలుగూ నిజమే. నా దగ్గర ఉన్నదాంట్లో కొంచెం నా దగ్గరే ఉంచుకుంటే అది కూడా తప్పేనా?”

గురువు కట్టు కోసం తెప్పించిన గుడ్ల బుట్టను దగ్గరికి లాక్కున్నారు. పసరులో తెల్లసొన కలిపితే కట్టు బిగుస్తుంది. అందుకని ఆ పాకలో రోజూ గుడ్లు పగలగొట్టవలసిందే. ఆయనకు ఒక అలవాటు ఉంది. ఏ గుడ్డునూ ఊరికే పగలగొట్టరు. గుప్పిట గొట్టంలా చుట్టి, గుడ్డును దానికి ఆనించి, సూర్యుడి కేసి ఎత్తి చూస్తారు. ఒక్కోసారి ఏదో ఒకటి తీసి, పగలగొట్టకుండా పక్కన ఊకలో పెడతారు. మురిగిందో లేదో చూస్తున్నారని శిష్యులందరూ అనుకునేవారు. ఆ పొద్దున ఆయన ఒక గుడ్డును అలా ఎత్తి చాలాసేపు చూసి, దించకుండానే ఒక సంగతి చెప్పారు. ఆ సంగతి ఇది.

గోదావరి లంకల్లో గుబ్బల తాతారావు అనే రైతు ఉండేవాడు. అరటి తోట, పదిహేను కొబ్బరి చెట్లు, వాటి నీడన కోళ్ళు. తోటలు అందరికీ ఉన్నాయి. ఆ కోళ్ళు మాత్రం ఇంకెవరికీ లేవు. వాటి ఒళ్ళు బూడిద రంగు, మెడ మాత్రం చింతపండుతో తోమిన రాగి చెంబులా మెరిసేది. రాగిమెడ కోళ్ళనేవారు. పుంజు నిలబడి మెడ చాస్తే మనిషి నడుము అందుకునేది. పెట్ట పొదుగుకు కూర్చుందంటే పాము బుసకొట్టినా లేచేది కాదు. తాతారావు తల్లి బతికిన రోజుల్లో వాటిని కన్నపిల్లల్లా సాకింది. ఎవరు అడిగినా కొంగులో నాలుగు గుడ్లు వేసి పంపేది. ఇచ్చిన చోట కొన్ని తెగుళ్ళకు పోయాయి, కొన్ని కూరకు పోయాయి. ఆమె పోయేనాటికి ఆ జాతి తాతారావు పెరట్లో తప్ప ఎక్కడా మిగల్లేదు. తల్లి పోయిన దుఃఖం అతనికి ఏడాదిలో తీరింది. ఆ జాతి తన ఒక్కడి దగ్గరే ఉందన్న గర్వం మాత్రం ఏడాదికేడాదీ పెరిగింది.

అతను పిల్లను అమ్మడు, పెట్టను అమ్మడు, పుంజును అసలే అమ్మడు. గుడ్లు మాత్రం అమ్మేవాడు. ఉత్తరం రాసినవాళ్ళకు టపాలో పంపేవాడు. చెక్కపెట్టెలో ఊక పోసి, ఒక్కో గుడ్డును అరటి నారతో చుట్టి, ఒకదానికొకటి తగలకుండా సర్ది, పైన ఎర్ర సిరాతో ‘పొదిగే గుడ్లు, మెల్లగా దించవలెను’ అని రాసేవాడు. పొదుగు మీద గుడ్లు బేసి లెక్కలో ఉండాలని మన ఆడవాళ్ళ పట్టింపు. అందుకని డజను కొన్నవాళ్ళకు పదమూడోది కొసరు వేసేవాడు. తాతారావు చెయ్యి పెద్దదని ఆ కొసరు చూసి జనం చెప్పుకునేవారు.

ఇక మిగిలిన మాట కూడా చెప్పాలి. పెట్టె సర్దేముందు తాతారావు గది తలుపు గడియ వేసుకునేవాడు. గూట్లోంచి సన్నని సూది తీసేవాడు. ప్రతి గుడ్డుకూ వెడల్పు వైపున సూది దించి, పచ్చసొన తగిలేదాకా పోనిచ్చి, బయటికి లాగేవాడు. రంధ్రం మీద చిటికెన వేలితో తడి సున్నం రుద్దేవాడు. ఆరాక అక్కడ ఏం జరిగిందో పెట్టిన పెట్టకు కూడా తెలియదు. పన్నెండు అయ్యాక పదమూడోది తీసేవాడు. కొసరు గుడ్డును కూడా వదిలేవాడు కాదు.

గుడ్డు అమ్ముతానన్నానే గాని జాతిని అమ్ముతానన్నానా అని తనకు తనే చెప్పుకునేవాడు. పొదగని గుడ్ల గురించి ఉత్తరాలు వస్తే, దారి దూరమైంది, ఎండ తగిలింది, బండి కుదిపింది అని జవాబు రాసేవాడు. నిజానికి ఆ ఎర్ర సిరా మాటలు చదివి పెట్టెను పసిబిడ్డలా అందుకున్న చేతులు దారి పొడుగునా ఉన్నాయి. పాపం వాటి మీద పడింది. ఊరి పోస్టుమాన్ లింగమూర్తి నవ్వుతాలు మనిషి. పెట్టె అందుకున్నప్పుడల్లా ఒక మాట విసిరేవాడు.

“మీ గుడ్లు దేశాలు చూడ్డానికి వెళుతున్నాయండీ తాతారావు గారూ. కాపురానికి వెళుతున్నట్టు లేదు.”

తాతారావు కూడా నవ్వేవాడు. దొంగ అనేవాడు ఉన్నదాన్ని ఎత్తుకుపోతాడు. తాతారావు ఇంకా పుట్టనిదాన్ని ఎత్తుకుపోయేవాడు. అందుకే పోగొట్టుకున్నవాళ్ళకు తాము ఏం పోగొట్టుకున్నారో తెలియలేదు.

అనంతపురం జిల్లాలో, కదిరికి అవతల ఒక మెట్ట ఊళ్ళో ఓబులమ్మ అనే ఆమె ఉండేది. మొగుడు లేడు. వేరుశనగ పండితే తినడం, ఎండితే కోళ్ళను నమ్ముకోవడం ఆమె బతుకు. నాలుగో తరగతి దాకా చదువుకుంది. తన ఉత్తరం తనే రాసుకుంటుంది. ఆ నేల మీద మామూలు కోళ్ళు వేసవి దాటడం లేదని, గట్టి జాతి కావాలని, ఎవరి నోటో రాగిమెడల సంగతి విని తాతారావుకు రాసింది. పెట్టె వెళ్ళింది. ఇరవై ఆరు రోజులకు కార్డు వచ్చింది. తాతారావు ఎప్పటిలాగే తిట్లు ఉంటాయనుకుని తీశాడు. అందులో ఇలా ఉంది: “అన్నగారికి ఓబులమ్మ నమస్కారం. గుడ్లు ఒక్కటీ లేవలేదు. మీ గుడ్లు మంచివే. నా చేతిలోనే ఏదో తప్పు జరిగింది. అదేమో చెప్తే దిద్దుకుంటాను. పదమూడు ప్రాణాలు నా వల్ల పోయినాయి అని అన్నం దిగడం లేదు.”

తిట్టి ఉంటే తాతారావుకు జవాబు సిద్ధంగా ఉండేది. తప్పు తనదని ఒప్పుకున్న మనిషికి ఏం రాయాలో అతనికి తోచలేదు. ఏదో ఒక తప్పు చూపించాలి. ఏ తప్పు చూపించాలా అని వెతుక్కుంటే తల్లి చేసే పద్ధతి గుర్తొచ్చింది. దూరం నుంచి వచ్చిన గుడ్లు అలిసిపోయి ఉంటాయి, వాటిని వెడల్పు వైపు పైకి పెట్టి ఒక పగలూ ఒక రాత్రీ కదపకుండా ఉంచాలి, ఆ తరవాతే పెట్ట కింద వెయ్యాలి, మీరు వచ్చిన రోజే వేసి ఉంటారు అని రాశాడు. ఓబులమ్మ ఇంకో డజను తెప్పించుకుంది. అవీ లేవలేదు. మళ్ళీ అదే ప్రశ్న, నా తప్పేమిటి అని. మీది పొడి నేల, బుట్ట అడుగున ఇసుక పోసి, దాని మీద వేపాకు పరిచి, చివరి నాలుగు రోజులూ గోరువెచ్చని నీళ్ళు చిలకరించాలి అని రాశాడు. మూడో డజను పోయింది. ఉరుముకు పోయి ఉంటాయి, బుట్టలో ఇనుపముక్క, బొగ్గు, ఎండుమిరపకాయ వెయ్యాలి అని రాశాడు. అది కూడా చాలదనిపించి, నేరం దారి మీదికి పూర్తిగా నెట్టడానికి ఒక వాక్యం చేర్చాడు: ‘ప్రయాణంలో పెంకుకు సన్నని బీట పడవచ్చును. పెట్టె తెరవగానే ప్రతి గుడ్డునూ దీపం ముందు పెట్టి చూసి, బీట ఉన్నచోట తేనెమైనం అద్దవలెను.’

ఒక్క అబద్ధాన్ని కప్పడానికి అతను తన దగ్గరున్న నిజాలన్నీ ఒక్కొక్కటే ఖర్చు పెట్టాడు. తల్లి నలభై ఏళ్ళలో నేర్చుకున్నదంతా మూడు కార్డుల మీద ఎక్కి కదిరి అవతలకు చేరిపోయింది. అది అప్పుడు అతనికి తెలియలేదు.

నాలుగో పెట్టె వెళ్ళిన నెలకు ఈసారి కార్డు కాదు, కవరు వచ్చింది. లోపల రెండు కాగితాలు. ఓబులమ్మ గుండ్రటి అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడుతూ ఉన్నాయి. దీపం ముందు పెట్టి చూస్తే పదమూడింటికీ వెడల్పు వైపున సున్నం మచ్చ కనిపించిందట. గోటితో గీకితే సూది మొనంత రంధ్రం. “దారిలో ముల్లు గుచ్చుకుంది కాబోలు అన్నా” అని రాసింది. అన్నిటికీ మైనం అద్దింది. ఏడో నాడు చూస్తే పది గుడ్లు నీళ్ళలా ఉన్నాయి. మూడింటిలో మాత్రం ఎర్రని దారాలు కనిపించాయి. దారాల మధ్య ఆవగింజంత నల్లని చుక్క. ఆ చుక్క ఆగి ఆగి అదిరేది. “అది గుండె అని నాకు ఎవరూ చెప్పలేదు అన్నా. చూస్తూనే తెలిసిపోయింది. దీపం ఆర్పేసి దండం పెట్టుకున్నాను. ఇరవై రెండో నాడు మూడూ లేచినాయి. రెండు పెట్టలు, ఒక పుంజు అనుకుంటాను. మెడ మీద రాగి నూగు ఉంది. మీరు ఓపికగా అన్నీ చెప్పబట్టి ఇది జరిగింది.”

పచ్చసొన దాకా సూది దిగిన గుడ్డు ఎలా బతుకుతుంది? ఒకటి కాదు, మూడు. తాతారావు ఆ కాగితాలు పట్టుకుని పెరట్లో అలాగే నిలబడిపోయాడు. కాళ్ళ చుట్టూ కోళ్ళు గింజల కోసం తిరుగుతున్నాయి.  తను చంపాననుకున్నది, తన సూది ముందు నోరూ వాయీ లేనిది, దూరాన ఒక ఆడదాని చేతి వెచ్చదనానికి మళ్ళీ అదిరింది. అది చూసి అతను భయపడవలసింది. ఆ భయం ఆ రోజు అతన్ని తాకింది కూడా. కాని కవరు మడిచేసరికి అది కోపమైపోయింది. సున్నం మచ్చ చూసింది. సున్నం రాసే ముల్లు ఎక్కడైనా ఉంటుందా? తెలిసే రాసిందా, తెలియక రాసిందా? ఆ ఉత్తరానికి జవాబు రాయలేదు. గుడ్లు అమ్మడం ఆ రోజుతో మానేశాడు.

రెండేళ్ళు గడిచాయి. మూడో వేసవి చివర లంకల్లోకి కొక్కెర తెగులు వచ్చింది. పొద్దున మెడ వాల్చిన కోడి సాయంత్రానికి లేదు. తొమ్మిది రోజుల్లో తాతారావు పెరడు ఖాళీ అయింది. చివరి పుంజు అతని ఒళ్ళోనే పోయింది. రాగి మెడ చల్లబడ్డాక కూడా మెరుస్తూనే ఉంది. మనిషి ఎంత ఏడ్చాడంటే, లింగమూర్తి సైకిలు దిగి, నవ్వుతాలు మాట ఒక్కటీ లేకుండా పక్కన కూర్చున్నాడు. అప్పుడు తాతారావుకు లోకంలో ఆ జాతి ఇంకెక్కడుందో గుర్తుకొచ్చింది. ఎక్కడా లేకుండా చేసింది తనే. ఒక్క చోట తప్ప.

కార్డు రాయడానికి పదకొండు రోజులు పట్టింది. తెగులు వచ్చింది, అన్నీ పోయాయి, గుడ్లు ఉంటే పంపగలరా అని మూడు ముక్కలు రాశాడు. ఇంకేమీ రాయలేదు. రాయవలసింది ఆ కార్డులో పట్టదు.

కార్డు వేసిన పన్నెండో రోజుకు లింగమూర్తి సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు, వెనక చెక్కపెట్టె కట్టుకుని. ఎక్కితే కుదుపు తగులుతుందని ఎక్కలేదట.

“మీ పెట్టేనండీ. అచ్చంగా మీ పెట్టే. పుట్టింటికి పురుటికి వచ్చినట్టు వచ్చింది” అన్నాడు.

నిజమే. మూడేళ్ళ కిందట తను పంపిన పెట్టెనే ఓబులమ్మ దాచి ఉంచింది. పైన తన ఎర్ర సిరా మాటలు వెలిసిపోతే, వాటి మీదే గుండ్రటి అక్షరాలతో దిద్దింది: ‘పొదిగే గుడ్లు, మెల్లగా దించవలెను’. లోపల ఊకకు బదులు వేరుశనగ పొట్టు. ఒక్కో గుడ్డు మెత్తని పాతచీర పేలికలో. పన్నెండు. ఒక మూల విడిగా ఇంకొకటి, దాని పేలికకు పసుపు దారం. ఉత్తరం చిన్నది: “అన్నా, మీరు ఎప్పుడూ కొసరు వేసేవారు గదా, నేను మాత్రం ఎట్లా మానుకుంటాను. ఇప్పుడు నా దగ్గర నలభై ఉన్నాయి. మీ గుడ్లకు దారిలో ముల్లు గుచ్చుకునేది. వీటికి గుచ్చుకోకుండా చూసి పెట్టినాను. ఎన్ని లేచినాయో రాయండి.”

చూసి పెట్టినాను అంటే ఏమిటి? తాతారావు ఆ మాటను పదిసార్లు చదివాడు. తెలుసన్నమాట. తెలిస్తే ఎందుకు పంపింది? తను ఆమె అయితే ఏం చేసేవాడో అతనికి బాగా తెలుసు. ఒక్కో గుడ్డునూ కిటికీ దగ్గర పెట్టి గోటితో తడిమాడు. మచ్చ లేదు. రంధ్రం లేదు. పెంకు పాలరాయిలా ఉంది. మచ్చ లేకపోవడం అతన్ని మరీ భయపెట్టింది. రంధ్రం లేకుండా చంపే దారులు కూడా అతనికి తెలుసు.

ఆ తెగులుకు ఊళ్ళో పెట్టలు మిగిలిందే తక్కువ. పక్కింటి సూరమ్మ తన ఒక్కగానొక్క పొదుగు పెట్టను ఎరువిచ్చింది. ఇస్తూ ఒక మాట చెప్పింది.

“దాన్నిక నమ్మి వదిలెయ్యండి బాబూ. మాటిమాటికీ చెయ్యి పెట్టారంటే అది మిమ్మల్ని నమ్మడం మానేద్ది.”

తాతారావు తల ఊపాడు. గుడ్లకు ఒక పగలూ రాత్రీ విశ్రాంతి ఇచ్చాడు. ఇసుక, వేపాకు, ఇనుపముక్క, బొగ్గు, ఎండుమిరపకాయ, అన్నీ తల్లి పద్ధతే. ఏడో నాడు గదిలో చీకటి చేసి, టార్చిలైటు ముందు మొదటి గుడ్డు పెట్టాడు. పెంకు లోపల ఎర్రని దారాలు వేరుల్లా అల్లుకుని ఉన్నాయి. వాటి నడుమ ఆ చుక్క. ఆగి, అదిరింది. మళ్ళీ ఆగి, అదిరింది. జీవితంలో వందల గుడ్లకు సూది దించినవాడు, సూది దిగే చోట ఏముంటుందో అంతవరకు చూడలేదు. అతను ఉన్నచోటే కింద కూర్చున్నాడు. పదమూడూ చూశాడు. పదమూడింటిలోనూ ఆ దీపాలు వెలుగుతున్నాయి.

అక్కడితో ఆగి ఉంటే ఈ సంగతి ఇలా చెప్పవలసి వచ్చేది కాదు. బతికి ఉన్నాయి సరే, ఇవి ఎవరి పిల్లలు? ఈ ప్రశ్న మర్నాడు పొద్దున అతని లోపల పుట్టింది. బతికి ఉన్న గుడ్డునే పంపింది, కాని రాగిమెడ గుడ్డు పంపిందని ఏమిటి నమ్మకం? సంతలో దొరికే ఏ గుడ్డయినా పెంకు పెంకే. నలభై కోళ్ళున్న మనిషి, జాతి తన ఒక్కదాని దగ్గరే ఉన్న మనిషి, ఎందుకు ఇస్తుంది? ఎవడిస్తాడు? ఈ మాట అతను మొదట రోజుకోసారి అనుకున్నాడు, తరవాత పూటకోసారి. అనుకున్నప్పుడల్లా చెయ్యి పెట్ట కిందికి వెళ్ళేది. గుడ్డు తీసి, తిప్పి, చెవికి ఆనించి, మళ్ళీ పెట్టేవాడు. పెట్ట మొదట గుర్రుమంది, ఆ తరవాత పొడిచింది, ఆ తరవాత పొడవడం కూడా మానేసి, ప్రతిసారీ లేచి నిలబడి అతని కేసి చూసేది.

పంతొమ్మిదో నాడు పొద్దున పసుపు దారం కట్టి వచ్చిన గుడ్డును, తను బొగ్గుతో గుర్తు పెట్టుకున్నదాన్ని, తీశాడు. మోసం ఉంటే కొసరులోనే ఉంటుంది. తను చేసే మనిషి కాబట్టి అతనికి అలా తోచింది. మోసం లేకపోతే పోయేది కొసరే గదా అని కూడా అనుకున్నాడు. రాతి అంచు మీద మెల్లగా తట్టి, గోటితో పెంకు ఒలిచాడు.

పిల్ల బతికే ఉంది. తడిసి ముద్దగా, ముక్కు రెక్క కింద దాచుకుని, వెన్ను గుండ్రంగా ముడుచుకుని ఉంది. గాలి తగలగానే ముక్కు బయటికి తీసి ఒకసారి తెరిచింది. కొంచెం చప్పుడు కూడా చేసింది. మెడ మీద తడి నూగులో సన్నని గీత ఒకటి ఎండకు తళుక్కుమంది. రాగి. తల్లి చేతి చెంబు రంగు. ఇంకా లోపలికి వెళ్ళవలసిన పచ్చసొన పొట్ట బయట వేలాడుతోంది. రెండు రోజులు. ఇంకో రెండు రోజులు ఓపిక పట్టి ఉంటే అది తన కాళ్ళ మీద తను లేచేది. అతని అరచేతిలో అది గుండెలా ఆగి ఆగి అదిరి, ఆగిపోయింది.

ఆ నెత్తురు వాసనకో, ఆ చెయ్యి మళ్ళీ తన కిందికి వస్తుందన్న భయానికో, పెట్ట బుట్టలోంచి దూకి వెళ్ళిపోయింది. సూరమ్మ పట్టి తెచ్చి కూర్చోబెడితే మళ్ళీ దూకింది. ఊళ్ళో ఇంకో పొదుగు పెట్ట లేదు. తాతారావు గుడ్లను గొంగట్లో చుట్టాడు, లాంతరు పక్కన పెట్టాడు, చొక్కా విప్పి తన పొట్టకు ఆనించుకుని ముడుచుకుని పడుకున్నాడు. మధ్యాహ్నం మిగిలిన పన్నెండు గుడ్లలోంచీ కీచుమని పిలుపు వినిపించింది. తల్లి జవాబు కోసం గుడ్డు లోపలి పిల్ల అలా పిలుస్తుంది. దానికి జవాబు చెప్పే గొంతు మనిషికి లేదు. ఎండ వాలేసరికి ఏడు పిలుస్తున్నాయి. దీపాల వేళకు రెండు. ఆ తరవాత లేదు.

పది రోజులకు కార్డు వచ్చింది. “అన్నా, ఎన్ని లేచినాయి? తక్కువ లేచి ఉంటే నేను సర్దడంలోనే ఏదో తప్పు ఉంటుంది. ఏమి తప్పో చెప్పండి, దిద్దుకుంటాను. మళ్ళీ పంపుతాను.” ఆ కార్డుకు తాతారావు జవాబు రాయలేదు. ఆమె ఇంకో రెండు రాసింది. వాటికీ రాయలేదు.

గురువు ఇక్కడ ఆగారు. చేతిలోని గుడ్డును ఎండలోంచి దించి, పగలగొట్టకుండా పక్కన ఊకలో పెట్టారు. మునిరత్నం లేచి గూట్లోంచి ఒక ఖాళీ కార్డు తీసుకున్నాడు. కలం కోసం వెతుకుతూ, గురువు కేసి చూడకుండానే అడిగాడు.

“ఆమెకు తెలుసా అయ్యా, అది ముల్లు కాదని?”

“అతను కూడా నన్ను అదే అడిగాడు” అన్నారు గురువు.

మునిరత్నం చెయ్యి ఆగిపోయింది.

మునిరత్నం ఆ పాకకు రాకముందే తాతారావు తన దగ్గరికి వచ్చాడని అప్పుడు చెప్పారు ఆయన. మరో రెండేళ్ళకు తోటలో కాలవ గట్టు మీంచి జారి కుడి ముంజేయి విరగ్గొట్టుకున్నాడట. ఎవరో చెబితే అంత దూరం నుంచి కట్టు కోసం వచ్చాడు. గురువు ఎప్పటిలాగే పసరు కోసం గుడ్డు తీసి రాతికి తట్టబోతే, నొప్పికి కూడా కిక్కురుమననివాడు, పెద్దగా కేక పెట్టి ఆయన మణికట్టు పట్టుకున్నాడు. లోపల ఎవరూ లేరని మీకెలా తెలుసు అని అడిగాడు. ఆ పొద్దంతా కూర్చుని ఈ సంగతి మొత్తం చెప్పాడు. ఆ రోజు మొదలు గురువు ఏ గుడ్డునూ వెలుగుకు చూడనిదే పగలగొట్టలేదు.

“చెయ్యి అతికిందా అయ్యా?” అన్నాడు మునిరత్నం.

“నలభై రోజులకు కట్టు విప్పాను. చెంబు ఇచ్చాను, పట్టుకున్నాడు. కర్ర ఇచ్చాను, బిగించి పట్టుకున్నాడు. చివరికి పట్టు సున్నితం చూద్దామని అరచేతిలో గుడ్డు పెట్టాను. వేళ్ళు ముడుచుకోలేదు. మూడుసార్లు పెట్టాను. మూడుసార్లూ జారి కింద పడింది.” గురువు బుట్టలోంచి ఇంకో గుడ్డు తీసి సూర్యుడి కేసి ఎత్తారు. “ఎముకలో లోపమేమీ లేదు, మునిరత్నం.”